దుర్బలత్వంలో ప్రథమ స్థానం

దేశంలోని కొండ ప్రాంతాల్లో అందరికంటే దుర్బలమైన రైతు గ్రామం ఏదో తేల్చి, దాన్ని ఘనంగా సత్కరిస్తామని వాతావరణ మార్పుల శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఇంతవరకు ఏ ప్రభుత్వమూ దుర్బలుల ప్రతిభను గుర్తించలేదనీ, బలంగా ఉన్నవాళ్లకే బహుమతులిచ్చే పాత రోజులు పోయాయనీ ఆయన సెలవిచ్చారు. ఇకమీదట ఎవరెంత చితికిపోయి ఉన్నారో శాస్త్రీయంగా కొలుస్తారట. అందులో మొదట వచ్చిన ఊరికి కింద ఏటినుంచి నీళ్లు తోడే మోటారు, పైపు, సిమెంటు ట్యాంకు ప్రభుత్వమే ఇస్తుందట.

విలేకరి ఒకాయన లేచి, "కొండల మీద నీళ్లు లేవని అందరికీ తెలుసు కదండీ, మళ్లీ కొలవడం దేనికి?" అని అడిగాడు.

మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. "కొలవకుండా ఇస్తే అది జాలి. కొలిచి ఇస్తే విధానం" అన్నారు.

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ విలేకరి కూడా కొట్టాడు.

ఈ మాటలన్నీ కొండమీది సహకార సంఘం కొట్లో, ఉప్పు కొనడానికి వెళ్లిన పెద్దమ్మ టీవీలో విన్నది. ఊరందరికీ ఆవిడ పెద్దమ్మే. ఆవిడ తోడికోడలు ఊరందరికీ చిన్నమ్మ. అన్నదమ్ములిద్దరూ ఒకే గోడకు అటొకరు ఇటొకరు ఇల్లు కట్టుకుని, భార్యల్ని తెచ్చి, కాలం తీరి వెళ్లిపోయారు. గోడ మిగిలింది. ఆ గోడలో చెయ్యి దూరేంత కంత ఒకటి ఉంది. పొయ్యిలోకి నిప్పులు, కూరలోకి ఉప్పు, మధ్య మధ్య తిట్లు ఇన్నేళ్లూ ఆ కంతలోంచే అటూ ఇటూ నడిచాయి.

ఆ వరసలో మిగతా ఇళ్లకు తాళాలు పడ్డాయి. పెద్దమ్మ ఊటకు వెళ్లేటప్పుడు ఆ తాళాల వంక చూడకుండా తల వంచుకుని నడుస్తుంది. ఒకప్పుడు బంగాళాదుంప నాటి మొలకలు పైకొచ్చేదాకా పారిన పై ఊట ఈమధ్య నాట్లకు ముందే నోరు మూసుకుంటోంది. రావలసినప్పుడు రాని వాన, రాకూడనప్పుడు వడగళ్లై వచ్చి, చిన్నమ్మ మెట్ల పొలంలో పైమట్టిని లోయలోకి తోసేసి పోయింది. ఆరోజే చిన్నమ్మ కంతలోంచి చెప్పేసింది.

"అక్కా, ఈ నాట్ల వేళకి నీళ్లొస్తే ఉంటాను. లేకపోతే కూతురి దగ్గరికి పోతాను. వాళ్ల మిల్లు క్వార్టర్లో కొళాయి ఉందట, తిప్పితే వస్తాయట."

"ఎన్నిసార్లు తిప్పినా వస్తాయా?"

"ఎన్నిసార్లు తిప్పినా."

పెద్దమ్మకు ఆ తర్వాత అన్నం సహించలేదు. చిన్నమ్మ వెళ్లిపోతే కంత అవతల చీకటి తప్ప ఏమీ ఉండదు. చీకటితో ఎంతసేపని పోట్లాడగలదు మనిషి? అందుకే మంత్రిగారి ప్రకటన విన్నప్పుడు ఉప్పు మరిచిపోయి ఇంటికి పరిగెత్తుకొచ్చింది. కంతలోకి వంగి, "చిన్నదానా, మూట కట్టకు. మనకంటే దుర్బలులు ఈ దేశంలో ఎక్కడుంటారే?" అంది గర్వంగా.

*

మదింపు అధికారి జీపులో వచ్చాడు. ఆయన సామాన్యుడు కాడు. కొండ వ్యవసాయం మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నవాడు. ఆ పరిశోధన జరిగినంత కాలం ఒక్క కొండ కూడా ఎక్కలేదట, ఎక్కితే నిష్పాక్షికత దెబ్బతింటుందని. ఇప్పుడు దేశం కోసం ఆ నియమాన్ని కూడా వదులుకుని ఎక్కాడు. చేతిలో పలకలాంటి ట్యాబు, అందులో మార్కులు. ఊరు ఆయనకు వెంటనే మార్కుల బాబు అని పేరు పెట్టుకుంది.

ఆయన వస్తున్నాడని తెల్లవారకముందే పెద్దమ్మ చిన్నమ్మను లేపి, కింద ఊటకు తీసుకెళ్లింది. కింద ఊట అంటే లోయ సగం దిగాలి. దిగడం దేవుడెరుగు, నిండు బిందెతో ఎక్కడం మోకాళ్లకు తెలుసు. అలా తెచ్చిన నీళ్లతో పెద్దమ్మ వాకిలి చల్లి ఊడవడం మొదలుపెట్టింది.

చిన్నమ్మ నడుం పట్టుకుని నిలబడి, "నీళ్లు లేవని చెప్పుకోవడానికి వాకిలి తడుపుతావేంటక్కా?" అంది.

"లేకపోతే మాత్రం, వచ్చినాయన దుమ్ములో కూర్చుంటాడా?"

దుమ్ములో కూర్చోవలసిన అవసరం ఆయనకు రాలేదు. జీపు దిగుతూనే పేడలో కాలు వేశాడు. పెద్దమ్మ బిందె తెచ్చింది. ఆయన ఒక బూటు కడుక్కున్నాడు. రెండోది శుభ్రంగానే ఉంది గానీ, రెండూ ఒకలా ఉండాలని దాన్నీ కడుక్కున్నాడు. కొండెక్కి ఆయాసపడుతున్న జీపు రేడియేటరులో డ్రైవరు ఇంకో బిందె వంచేశాడు. మిగిలిన దాంట్లోంచి పెద్దమ్మ గ్లాసు నిండా ముంచి, రెండు చేతులతో అధికారికి అందించింది. ఆయన తాగి, తృప్తిగా మూతి తుడుచుకుని, ట్యాబు మీద వేలు ఆడించాడు.

"నీటి లభ్యత సంతృప్తికరం" అని పైకి చదివాడు. కొలతలో దాపరికం ఉండకూడదని ఆయన సిద్ధాంతం.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. పెద్దమ్మ పీట మీద, చిన్నమ్మ గడప మీద కూర్చున్నారు.

"పై ఊట ఎండిపోతే ఏం చేస్తారు?"

"కింద ఊట నుంచి మోసుకొస్తాం బాబూ."

"ప్రత్యామ్నాయ వనరు ఉంది" అని ఆయన నొక్కాడు. "బంగాళాదుంప పోతే?"

"మొక్కజొన్న వేస్తాం. అదీ పోతే చిక్కుడు."

"పంటల వైవిధ్యం. వడగళ్లకు మట్టి కొట్టుకుపోతే?"

"లోయలోకి దిగి, తట్టల్లో ఎత్తుకుని, మళ్లీ పైకి తెచ్చి పోసుకుంటాం."

"నేల పునరుద్ధరణ, అదీ స్వచ్ఛందంగా. తిండి తక్కువైతే?"

చిన్నమ్మకు ఒళ్లు మండింది. "తక్కువ తింటాం" అంది.

"వినియోగ నియంత్రణ" అని ఆయన మెచ్చుకోలుగా తలూపాడు. "ఇవేవీ పనిచేయకపోతే?"

పెద్దమ్మ తోడికోడలి వంక చూసింది. చిన్నమ్మ పెద్దమ్మ వంక చూడలేదు. గడప మీద గోటితో గీస్తూ, "ఊరొదిలి పోతాం" అంది.

అధికారి కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో గౌరవం కనిపించింది. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి మానవజాతి కనిపెట్టిన ఉపాయాల్లో వలసను మించింది లేదనీ, ఎంతో చదువుకున్నవాళ్లకు కూడా ఈ ఆలోచన అంత తొందరగా తట్టదనీ చెప్పి, ఆ ప్రశ్నకు నిండు మార్కులు వేశాడు.

పెద్దమ్మకు ఏదో తేడా కొట్టింది. "బాబూ, మార్కులు ఎక్కువొస్తే మంచిదేనా?"

"చాలా మంచిది. ఎక్కువొస్తే మీరు దుర్బలులు కానట్టు."

"అయ్యో, అయితే తీసెయ్ నాయనా."

"ఎలా తీస్తాను? ఇవన్నీ మీరు చేసేవే కదా."

"చేస్తాం గానీ, చేతకాక చేస్తాం. మాకేమీ చేతకాదు, రాసుకో."

ఆయన రాసుకున్నాడు. 'వినయం, సామాజిక బంధాలు బలీయం' అని. దానికీ మార్కులున్నాయి.

జీపు మలుపు తిరిగేదాకా చూసి చిన్నమ్మ లోపలికి వెళ్లింది. కంతలోంచి గొంతు వచ్చింది. "కింద ఊట సంగతి ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"అడిగాడు కదే. అడిగితే చెప్పొద్దా?"

"మరి నా నడుం సంగతి అడగలేదేం?"

"దానికి మార్కులు లేవేమోనే" అంది పెద్దమ్మ నీరసంగా.

*

మర్నాడు పెద్దమ్మ చిక్కుళ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని శిఖరం మీది రిసార్టుకు వెళ్లింది. వారానికోసారి అక్కడి వంటగదికి కూరలు వేయడం ఆవిడకు అలవాటు. ఆ రిసార్టు మంత్రిగారి బావమరిదిది. మంత్రిగారికి ఆ సంగతి గుర్తుండదు, ప్రజాసేవలో పడి. ఈత కొలను వెనకాల నాలుగు వరసలు స్ట్రాబెర్రీలు వేశారు కాబట్టి రికార్డుల ప్రకారం అది కూడా కొండ ప్రాంత రైతు సముదాయమే. కాబట్టి మార్కుల బాబు అక్కడా ఉన్నాడు. వరండాలో మేనేజరును కూర్చోబెట్టుకుని అవే ప్రశ్నలు అడుగుతున్నాడు. అందరికీ ఒకటే కొలత, ఆ విషయంలో ఆయన నిప్పు.

పెద్దమ్మ చిక్కుళ్లు తూకం వేయించుకుంటూ చెవి అటు వేసింది.

"ఒక పూట వేడినీళ్లు రాకపోతే మీవాళ్లు ఏం చేస్తారు?"

"అరుస్తారండి" అన్నాడు మేనేజరు.

"అరిచాక?"

"ఇంకా గట్టిగా అరుస్తారండి."

"కింద ఊటకి నడిచి వెళ్లి మోసుకొస్తారా?"

మేనేజరు అది హాస్యమనుకుని నవ్వాడు. అధికారి నవ్వకపోయేసరికి ఆపేసి, "ఎవరండీ, మా గెస్టులా?" అన్నాడు.

"తక్కువ తింటారా?"

"బఫేలోనాండీ?"

"కొట్టుకుపోయిన మట్టి తట్టల్లో ఎత్తుకొస్తారా?"

మేనేజరు ఈసారి తన ఇస్త్రీ చొక్కా వంక చూసుకున్నాడు.

"పోనీ, వదిలి వెళ్లిపోతారా?"

"డబ్బు కట్టేశారు కదండీ. చెక్ అవుట్ దాకా కదలరు."

అధికారి కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అనుకూలన సామర్థ్యం సున్నా. ఇన్నేళ్ల సర్వీసులో ఇంతటి నిస్సహాయతను కళ్లారా చూడలేదని బొంగురు గొంతుతో అన్నాడు. కొలను గట్టు మీద తువ్వాళ్లు కప్పుకుని కూర్చున్న అతిథుల వంక పెద్దమ్మ తొంగి చూసింది. పాపం, ఊట అంటే ఏమిటో కూడా తెలియదు వాళ్లకు. ఆవిడకు నిజంగానే జాలేసింది. బుట్ట ఖాళీ చేస్తూ, అడక్కుండానే దోసెడు చిక్కుళ్లు ఎక్కువ వేసి వచ్చింది.

*

ఫలితాలు వెలువడ్డాయి. దుర్బలత్వంలో రిసార్టుకు ప్రథమ స్థానం. తన బావమరిదికే ట్యాంకు ఇవ్వవలసి రావడం తనను ఎంతో ఇబ్బంది పెడుతోందనీ, అయినా శాస్త్రం ముందు చుట్టరికాన్ని పక్కన పెట్టక తప్పదనీ మంత్రిగారు గద్గదంగా అన్నారు. చెప్పిన మాట చెప్పినట్టు నిలబెట్టుకున్నారు కూడా. ఏటినుంచి నీలం రంగు పైపు లేచి, చిన్నమ్మ పొలం గట్టు మీదుగా, తాళాలు పడ్డ ఇళ్ల వెనకగా, శిఖరానికి పాకింది. మధ్యలో ఎక్కడా కొళాయి పెట్టలేదు. దుర్బలులకు ఉద్దేశించిన నీళ్లను బలవంతులు దారి మళ్లించకుండా ఆ జాగ్రత్త. పెద్దమ్మ ఒకసారి గట్టు మీద కూర్చుని పైపుకు చెవి ఆనించి చూసింది. లోపల నీళ్లు గలగలమంటూ పైకి ఎక్కుతున్నాయి.

"ఏమంటున్నాయి?" అంది చిన్నమ్మ, పక్కనే మట్టి తట్ట దించుతూ.

"మనల్ని దాటిపోతున్నాయి."

జాబితాలో ఆఖరున నిలిచిన ఈ ఊరిని కూడా ప్రభుత్వం మరిచిపోలేదు. దుర్బలత్వంలో ఆఖరు అంటే తట్టుకునే శక్తిలో మొదటన్న మాటే కదా. ఆ అవార్డును మంత్రిగారు స్వయంగా కొండెక్కి వచ్చి ఇస్తారని కబురొచ్చింది. అప్పటికి చిన్నమ్మ మూట సగం కట్టేసింది. నాట్ల వేళ నెత్తి మీదికి వచ్చింది, పై ఊట ఎప్పుడో ఆగిపోయింది.

"ఆయన వచ్చేదాకా ఆగవే" అని బతిమాలింది పెద్దమ్మ. "ఎదురుగా నిలబడి అడుగుతాను. ఎదురుగా అడిగితే ఎవరైనా కాదంటారా?"

చిన్నమ్మ ఆగింది. ఆగినా మూట విప్పలేదు.

మంత్రిగారు వచ్చే రోజు పొద్దున్నే కొండ కింద నుంచి బరువైన బండి మోత వినిపించింది. పెద్దమ్మ బయటికి వెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకరు. మలుపు దగ్గర మూతలోంచి నీళ్లు తొణికి ఎండలో మెరిశాయి. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి కంతలోకి కేకేసింది. "చిన్నదానా, నీళ్లొచ్చాయే. నేను చెప్పలేదూ?"

కంత అవతల మూట కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత బిందె తీసిన చప్పుడు. ఎన్ని నెలలకో చిన్నమ్మ నవ్వు వినిపించింది.

ఇద్దరూ రోడ్డు పక్కన బిందెలతో నిలబడ్డారు. ట్యాంకరు నెమ్మదిగా దగ్గరికొచ్చింది, నెమ్మదిగా వాళ్లను దాటింది. వెనకనున్న చిల్లుల గొట్టంలోంచి నీళ్లు రోడ్డు పొడుగునా సన్నగా కురుస్తున్నాయి. పెద్దమ్మ పక్కన నడుస్తూ, బండి ఆపమని తలుపు మీద కొట్టింది. డ్రైవరు తల బయటికి పెట్టాడు. మర్యాదస్తుడే.

"ఇవి రోడ్డుకమ్మా" అన్నాడు.

"రోడ్డుకు దాహమా నాయనా?"

"దుమ్ము లేస్తే మంత్రిగారికి దగ్గొస్తుంది. ఇవి దుమ్ము పద్దు కింద వచ్చిన నీళ్లు. తాగే పద్దు వేరే."

"రెండు బిందెలేరా అబ్బాయీ."

"మీ బిందెల్లో పోస్తే అంత మేర రోడ్డు పొడిగా కనిపిస్తుందమ్మా. నన్ను అడుగుతారు."

చిన్నమ్మ బిందె చంకలోంచి దించి, చిల్లుల గొట్టం కురిసి వెళ్లిన తడి వంక చూసింది. అప్పటికే అంచులు ఆరిపోతున్నాయి. అప్పుడు డ్రైవరును ఒక్క మాట అడిగింది. "చల్లడం అయ్యాక ఎటు పోతావు?"

"కిందికే. ఖాళీగా."

"పైదాకా వెళ్లి వచ్చేటప్పుడు ఇక్కడ ఆగు."

పెద్దమ్మ ఇంట్లోకి వెళ్లిపోయింది. ఇంతకు ముందు వెళ్లినవాళ్లందరినీ మలుపుదాకా సాగనంపింది గానీ, ఈసారి కాళ్లు రాలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి కంతలోంచి చెయ్యి వచ్చింది. అందులో తాళంచెవి ఉంది.

"అక్కా, ఇదిగో. తాళం నొక్కేసి పోతాను."

పెద్దమ్మ తీసుకోలేదు.

"గోనెలో నా విత్తనం దుంప ఉంది. బయట అరుగు మీద పెట్టాను. నువ్వేసుకో."

"నువ్వొచ్చి వేసుకో."

 చెయ్యి అలాగే ఉంది. పెద్దమ్మ ఆ చేతిని తాళంచెవితో సహా పట్టుకుంది. బయట ట్యాంకరు హారన్ మోగింది. ఇంకోసారి మోగింది.

*

సభ దివ్యంగా జరిగింది. ఈ ప్రజల ఓర్పును చూసి పాఠం నేర్చుకోవడానికే తాను వచ్చాననీ, నేర్చుకున్నాననీ మంత్రిగారు ప్రకటించారు. అవార్డు గాజుది, మందంగా, బరువుగా ఉంది. అందుకోవడానికి పెద్దమ్మను వేదిక మీదికి పిలిచారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. ఎదురుగా అడుగుతానని మాటిచ్చింది కదా, వినవలసిన మనిషి లేకపోయినా ఆవిడ మాట తప్పలేదు.

"అయ్యా, నీళ్లు..." అంది.

మంత్రిగారు క్షణం ఆలస్యం చేయలేదు. తన ముందున్న నీళ్ల సీసా మూత తీసి స్వయంగా ఆవిడ చేతిలో పెట్టారు. కెమెరాలు మెరిశాయి, చప్పట్లు మిన్నంటాయి. వెనకనుంచి ఎవరో మైకు మెల్లగా తీసేసుకున్నారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది, 'అడిగిందే తడవు' అనే శీర్షికతో. ఫోటోలో ఒక మూల రోడ్డు తడిగా మెరుస్తోంది.

నాట్లు అయిపోయిన తర్వాత మార్కుల బాబు మళ్లీ వచ్చాడు. అవార్డు వచ్చిన ఊళ్లను వదిలేయకుండా వెంటబడి కొలవాలని కొత్త ఉత్తర్వు. పెద్దమ్మ ఇంట్లో పీట మీద కూర్చుని చుట్టూ చూశాడు. మూల గోనెలో చిన్నమ్మ విత్తనం దుంపలు అలాగే ఉన్నాయి. ఎలకలు రాకుండా గోనె మూతి మీద గాజు అవార్డు బోర్లించి ఉంది.

"ఆ కంత ఏమిటి?" అని అడిగాడు.

"అటు ఇంట్లోకి."

"వెంటిలేషన్" అని నొక్కాడు. "అటు ఇంటావిడ ఏరీ?"

"వెళ్లిపోయింది బాబూ."

ఆయన ముఖం విప్పారింది. వేలు గబగబా ఆడించి, ట్యాబును పెద్దమ్మ వైపు తిప్పి చూపించాడు. "చూడండి, మీ వరసలో తలసరి నీళ్లు రెట్టింపయ్యాయి."

"పై ఊట ఎండిపోయింది కదా. నీళ్లు ఎక్కణ్ణుంచి పెరిగాయి?"

"నీళ్లు పెరగలేదమ్మా. తల తగ్గింది."

పెద్దమ్మ కంత వైపు ఒకసారి చూసింది. "నేను కూడా పోతే?"

అధికారి ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. నుదురు ముడిచి ఆలోచించాడు. "తలసరి చెప్పలేం. సున్నాతో భాగించకూడదు. కానీ దుర్బలత్వం మాత్రం పూర్తిగా పోతుంది" అన్నాడు ఆశగా.

 వచ్చినాయన కొండెక్కి వచ్చాడు, గొంతు ఎండి ఉంటుంది. పెద్దమ్మ లేచి వెళ్లి, పొద్దున కింద ఊట నుంచి మోసుకొచ్చిన బిందెలోకి వంగి, గ్లాసు నిండా ముంచి, రెండు చేతులతో అందించింది.

ఆయన తాగాడు. తాగి, రాసుకున్నాడు.